వరసలో నాలుగో బండి

లోకంలో మోటారు క్రీడలు రెండే రకాలు. ముందు బండిని దాటినవాడు గెలిచేవి కొన్ని, దాటినవాడు కొలువు మీద ఆశ వదులుకోవలసినవి కొన్ని. మొదటి రకం వీరుల గురించి పత్రికలు కావలసినంత రాశాయి. రెండో రకానికి కాన్వాయ్ అని పేరు. అందులో జమ్మలమడుగు నాగేంద్ర సాధించిన ఘనతను మాత్రం ఇంతవరకూ ఎవరూ గ్రంథస్థం చేయలేదు (చేయమని ఆయనా అడగలేదు; అడగాలంటే వరసలోంచి బయటికి రావాలి).

మాజీ ఛైర్మన్ గారి కాన్వాయ్‌లో (దేనికి ఛైర్మనో అడగడం మర్యాద కాదు) నాగేంద్ర పద్దెనిమిదో బండి డ్రైవరుగా రంగప్రవేశం చేశాడు. పంతొమ్మిదేళ్లు ముందు బండ్ల దుమ్ము తిని, నిరుడు నాలుగో బండికి ఎదిగాడు. ఈ క్రీడకు నియమావళి ఉంది. మూడో నియమం ప్రకారం రెండు బండ్ల మధ్య కుక్క కూడా దూరకూడదు. ఐదో నియమం ప్రకారం ఇండికేటర్ వేయకూడదు. వేస్తే ఎటు తిరుగుతున్నామో లోకానికి తెలిసిపోతుంది. ఏడో నియమం, నాలుగో బండిలో ఎవరూ ఎక్కకూడదు. నల్లద్దాల వెనక ఎవరో పెద్దమనిషి ఉన్నాడని జనం అనుకోవాలి, అంతే. అందుచేత వెనక సీటు మీది ప్లాస్టిక్ కవరు నేటికీ చెక్కుచెదరలేదు. తాను ఇంత జాగ్రత్తగా పులివెందుల దాకా తీసుకుపోయి మళ్లీ తెస్తున్నది గాలినేనని నాగేంద్ర అప్పుడప్పుడూ తనలో తాను నవ్వుకునేవాడు.

ఆయన భార్య రజనికి గొంతు మీద గడ్డ లేచి రెండు నెలలైంది. ఆ జబ్బు చూసే డాక్టరు ప్రొద్దుటూరుకు గురువారమే వస్తాడు, పన్నెండు దాటితే ఉండడు. ఆ గురువారం కాన్వాయ్ కూడా ప్రొద్దుటూరికే, ఒక బంగారు అంగడి ప్రారంభోత్సవానికి.

“నువ్వు పొయ్యేదీ ఆడికే కదా. బండి ఖాళీనే కదా. నన్ను దింపి పోరాదా?” అని అడిగింది రజని.

“ఖాళీ అని గట్టిగా అనొద్దు మే. ఎవురికీ తెలీకూడదు.”

“నాకు తెలుసు కదయ్యా.”

ఆమె బస్సెక్కింది.

ప్రొద్దుటూరు పొలిమేరలో ఛైర్మన్ గారి మనుషులు ఆ బస్సును పదకొండింటికే ఆపేశారు. కాన్వాయ్ పదకొండూ నలభైకి వచ్చింది. బస్సు మెట్ల మీద ఎండలో నిలబడి, గొంతు మీద కొంగు కప్పుకుని ఉన్న రజని నాగేంద్రకు కనబడింది. ఆమె ముఖంలో కోపం కూడా లేదు. నాగేంద్రకు సిగ్గేసింది. ఇంత సిగ్గు వస్తే ఏం చేయాలో నియమావళిలో లేదు. ఇరవయ్యేళ్లలో మొదటిసారి ఎడమ ఇండికేటర్ వేసి, బస్సు పక్కన ఆపాడు.

“ఎక్కు మే.”

“కవరు చిరుగుతాదేమో.”

“చిరగనీ.”

ముందున్న మూడు బండ్లు తమ దారిన పోయాయి. వెనకున్న పద్నాలుగూ క్రమశిక్షణతో ఆయన్ను అనుసరించాయి. ఆసుపత్రి సందులో పదిహేను బండ్లు హారన్లు కొట్టేసరికి వాచ్‌మన్ రెండు గేట్లూ తెరిచాడు. డాక్టరు స్వయంగా బయటికొచ్చి, అప్పుడే అరవై ఒకటో టోకెను అందుకున్న రజనిని లోపలికి తీసుకెళ్లాడు. గడ్డలోంచి సూదితో నీళ్లు తీసి పరీక్షకు పంపి, మూడు వారాలకు తప్పకుండా రమ్మన్నాడు.

అక్కడ ఛైర్మన్ గారిని మూడు బండ్లతో చూసి అంగడివాళ్లు గిరాకీ అనుకున్నారు. ముఖ్య అతిథి వచ్చేదాకా కూర్చోమని కుర్చీ వేసి, చల్లగా మజ్జిగ ఇచ్చారు.

సాయంత్రం వరస పర్యవేక్షకుడు గౌస్ మొహిద్దీన్ విచారణ జరిపాడు.

“ముందర సారు లేడని మీకు తెలీలేదా?”

ఐదో బండి ఇలియాస్ నిదానంగా జవాబు చెప్పాడు. “ముందర నాగేంద్రన్న బండి ఉంది కదా భాయ్. ఆ ముందర ఎవురుండారో మేమెప్పుడు సూసినాము?”

జవాబు న్యాయంగా ఉందని పద్నాలుగు మందినీ వదిలేశారు. నాగేంద్రను మళ్లీ పద్దెనిమిదో బండికి దించారు.

మూడు వారాలు గడిచి గురువారం వచ్చింది. కాన్వాయ్ మళ్లీ ప్రొద్దుటూరికే. పద్దెనిమిదో బండి వెనక ఎవరూ ఉండరు, అందులో ఎవరెక్కినా చూసే నాథుడు లేడు. రజని తయారై గడపలో నిలబడింది. పదిహేడో బండి వెంకటేశు మానేస్తున్నాడనీ, ఆ చోటు ఖాళీ అవుతుందనీ నాగేంద్ర అంతకుముందు రోజే విన్నాడు. భార్యను బస్టాండు దాకా తోడుండి తీసుకెళ్లి, కిటికీ పక్కన సీటు చూసి కూర్చోబెట్టి, వెళ్లి వరసలో చేరాడు.