రోకలంత మీట, బెత్తెడు ఖాళీ

అలసిన మనిషికి కావలసింది విశ్రాంతి అని లోకం పొరబడుతోంది. కానే కాదు! అలసిన మనిషికి కావలసింది మరికాస్త పని. కాకపోతే దానికి రంగు బల్బులు తగిలించి, పక్కన పాట పెట్టాలి.

నమ్మరా? అయితే బెత్తెడు మామ పనిచేసే పార్సిల్ గోడౌన్‌కి రండి. లారీల్లోకి లోడు ఎక్కించే హమాలీలు అక్కడ ఎనిమిది మంది. పొద్దున ఏడింటి నుంచి పెట్టెలు పేర్చి పేర్చి, మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని నాలుగు ముద్దలు తిని, వెనక గదిలో ఓ అరగంట నడుం వాల్చేవారు. ఎంత వృథా! ఏదో ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చిన కొత్త మేనేజర్ గారు అది చూసి చలించిపోయారు. వారం తిరక్కుండా ఆ గదిలో ఒక గేమ్ మెషీన్ దింపించారు.

మనిషి భుజాల మీద ఇంకో మనిషి కూర్చున్నంత ఎత్తు. తెర మీద పైనుంచి రంగురంగుల దిమ్మలు జారుతుంటాయి. సందు లేకుండా పేర్చాలి. వరస నిండితే మాయమవుతుంది. దిమ్మలు పై అంచుకు తగిలాయా, ఆట ఖతం. దిమ్మను జరపడానికి రోకలంత మీట, తిప్పడానికి పళ్ళెమంత బటన్. మీటను రెండు చేతులా పట్టి, కాలు దన్ను పెట్టి తొయ్యాలి. బటన్‌ని మోచేత్తో గుద్దాలి.

"ఇంత లావువి ఎందుకు సార్?" అన్నాడు మామ.

"మీ చేతులకి చిన్నవి ఆనవు కదయ్యా!" అన్నారు మేనేజర్ గారు, ఎంతో ప్రేమగా.

చూశారా ఆ ముందుచూపు! అయిదు గంటలు పెట్టెలు పేర్చినవాడు సేద తీరడానికి, మళ్ళీ పెట్టెలు పేర్చే ఆట! లాభాలా? ఇదివరకు అందరూ నడుం నొప్పి అనేవారు. ఇప్పుడు ఆ మాటే లేదు, భుజాల నొప్పి దాన్ని మరిపించింది. ఒకాయనకి గురక జబ్బు ఉండేది. నిద్రే లేకపోయాక పూర్తిగా నయమైంది! ఇక మెషీన్ మోతలో ఎవరి గోడూ ఎవరికీ వినబడదు కాబట్టి, అందరూ సుఖంగా ఉన్నట్టే.

సుఖం ముదిరి గోడ మీద నోటీసు పడింది. వారాంతానికి స్కోరు అట్టడుగున ఉన్నవాడు లోడు పని వదిలి చీపురు పట్టాలి!

ఇరవయ్యారేళ్ళలో మామ పేర్చిన లోడు ఒరిగిందన్నవాడు లేడు. కానీ ఆయనకో అలవాటుంది. వరసకీ వరసకీ మధ్య బెత్తెడు ఖాళీ వదిలి, అందులో గోనెగుడ్డ మడిచి కుక్కుతాడు. అవతలి ఊళ్ళో దించేవాడు ఆ గుడ్డ లాగేసి, సందులో చెయ్యి పెట్టి పెట్టెను ఒడిసిపట్టుకుంటాడు. మామకి ఆ పేరు వచ్చింది అందుకే. మెషీన్ ముందు నిలబడ్డా ఆ చేతులు మాట వినవు. బెత్తెడు వదిలేస్తాయి. రెండు నిమిషాల్లో మెషీన్ ఏడుపు లంకించుకుంటుంది.

"ఏంటయ్యా ఆ ఖాళీలు?"

"చెయ్యి దూరాలి కదా సార్."

"ఎవడి చెయ్యి?"

"దించేవాడిది."

"ఇందులో దించేవాడు ఎవడూ లేడయ్యా!"

"మరి ఎక్కించడం ఎందుకు సార్?" అన్నాడు మామ, నిజంగానే అర్థంకాక.

వారాంతానికి మామ చేతికి చీపురు వచ్చింది. స్కోరులో ఫస్టు వచ్చినవాడు చీటీలు అంటించే గుమాస్తా. పుట్టి బుద్ధెరిగాక పెట్టె ఎత్తిన పాపాన పోలేదు. లోడు పెత్తనం అతనికిచ్చారు.

"చూస్తుండు మామా, దోమ కూడా దూరదు!" అంటూ లారీ నింపించాడు.

దోమ దూరలేదు. మేనేజర్ గారు మురిసిపోయి ఫొటో తీయించారు.

మూడో రోజుకల్లా లారీ తిరిగొచ్చింది, అదే లోడుతో! "దించేవాళ్ళు నలుగురు గోళ్ళు ఊడగొట్టుకున్నారు సార్. ఒక్క పెట్టె కదిలితే ఒట్టు. ఎక్కించినోళ్ళనే దించుకోమన్నారు," అన్నాడు డ్రైవర్.

మేనేజర్ గారు లారీకేసి చాలాసేపు చూశారు. వరసలన్నీ నిండుగానే ఉన్నాయి. ఒక్కటీ మాయం కావడంలేదు!

మామ చీపురు గోడకి ఆనించాడు. ఎగువ వరసలో ఒక పెట్టె కోసి, సరుకు బయటికి తీసి, ఆ సందులోంచి మిగతావి ఒక్కొక్కటే లాగాడు. ఆపైన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీ మెషీన్‌ది తప్పు కాదు సార్. మాకే ఆట రాదు. చదువుకున్న మీరు ఆడి చూపిస్తే, వెనక నిలబడి నేర్చుకుంటాం."

మేనేజర్ గారు చొక్కా చేతులు మడిచి మీట పట్టారు. హమాలీలు వెనక చేరి "అబ్బో, అబ్బో" అన్నారు. ఒక్కొక్కరే జారుకుని లారీ దగ్గరికి పోయారు. అందరికంటే ముందు జారుకున్నది మామ. చీపురు ఏదని అడిగినవాడు లేడు.

ఇప్పుడు మేనేజర్ గారు నలభయ్యో లెవెల్లో ఉన్నారట. స్పీడు పెరిగేకొద్దీ తల తిప్పే తీరిక లేదు. లోడు ఎలా పేర్చాలో చెప్పడానికి ఎవరూ రాకపోవడంతో లారీలు టైముకి వెళుతున్నాయి, టైముకి ఖాళీ అవుతున్నాయి.

అందుకే పాఠకులారా, ఇలాంటి మెషీన్‌ని తిట్టకండి. మీ ఆఫీసులోనూ ఒకటి పెట్టించండి, పై అధికారి గదిలో! మీట మాత్రం బాగా లావుగా ఉండేట్టు చూసుకోండి. ఆయన రెండు చేతులూ దానికే సరిపోవాలి. మూడో చెయ్యి ఎలాగూ లేదు, అది మన అదృష్టం.