జాతీయ విధానమూ, నా ప్రెషర్ కుక్కరూ

మన దేశపు ఆహార విధానాన్ని తిట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. పోషకాలు లేవట! గోధుమలున్నాయి. బియ్యం ఉన్నాయి. గోదాముల్లో చోటు చాలక బస్తాలు బయట టార్పాలిన్ల కింద పడుకుంటున్నాయి. ఇంకేం కావాలయ్యా మీకు?

కడుపు నిండటం వేరు, ఒంటికి పట్టడం వేరు అని కొందరు వాదిస్తారు. బస్తాని కాటా మీద పెట్టొచ్చు. బలాన్ని పెట్టగలరా? కాటాకెక్కనిదాని కోసం సర్కారు తల ఎందుకు బద్దలుకొట్టుకోవాలి?

పైగా మన పద్ధతి ఎంత శుభ్రమైనదో చూడండి. పంట ఒక భవనంలో ఉంటుంది. గోదాము ఇంకో భవనంలో. గుడ్డు మరోచోట. రక్తహీనత ఇంకెక్కడో, దానికి వేరే లిఫ్టు. ఒకదాని గాలి ఇంకొకదానికి సోకదు. అన్నీ ఒకే పళ్ళెంలో పెడితే సంతకం ఎవరు చేయాలి? ఆ తగువు రాకూడదనే పళ్ళేన్ని ఏ శాఖకీ అప్పగించలేదు. ముందుచూపంటే అదీ!

నాకెలా తెలుసంటారా? ఆ భవనాల్లో ఒకదాంట్లోనే ఉద్యోగకాలమంతా ఫైళ్ళు కదిపాను. రిటైరయ్యాను. మా ఆవిడ దుర్గాంబ పోయింది. ఇప్పుడు ఢిల్లీ జియా సరాయ్‌లో ఒక గది. చుట్టూ కోచింగ్ పిల్లలు. పొద్దున నూడుల్స్, రాత్రి నూడుల్స్. దేశ భవిష్యత్తు మైదా మీద నడుస్తోంది. బాగానే నడుస్తోంది.

నా గిన్నెలు కడిగి, గది ఊడ్చేది ఇంద్రాణి. బెంగాల్ మనిషి. ఎనిమిదో నెల గర్భిణి. ఒంట్లో రక్తం ఎనిమిది పాయింట్ల దగ్గర ఆగిపోయింది. పక్కవీధి ప్రసూతి కేంద్రం డాక్టరమ్మ తేల్చి చెప్పింది: పది దాటితే ఇక్కడే కాన్పు, లేకపోతే పెద్దాసుపత్రికి పొమ్మని. పెద్దాసుపత్రి పేరెత్తితే ఇంద్రాణి ససేమిరా అంటుంది. పోయినసారి అక్కడి వరండాలోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు.

ప్రభుత్వం ఊరుకుందా? లేదు! పప్పు తిను, గుడ్డు తిను, ఆకుకూర తిను అని ఒకరు చెప్పారు. గోధుమలూ బియ్యమూ ఇంకొకరు ఇచ్చారు. మాత్రలు మరొకరు ఇచ్చారు. ఉత్త రొట్టె తిని ఆ మాత్ర వేసుకుంటే కడుపులో తిప్పుతుందని ఇంద్రాణి ఫిర్యాదు. ఒకరు తెలివి పంచారు, ఒకరు తిండి పంచారు. ఆ రెండూ ఎక్కడో ఒకచోట కలవాలని ఏ జీవోలో ఉంది?

అలాంటి రోజుల్లో సరోజినీ నగర్ క్వార్టర్స్ నుంచి సదాశివరావు ఫోన్ చేశాడు. నా కింద గుమాస్తాగా చేరి, నన్ను దాటి ఆఫీసరైన మనిషి.

"బాబాయ్‌గారూ, మీరు పల్లెటూరి బళ్ళో చదివారు కదా?"

"చదివాను."

"అచ్ఛా! అయితే రేపు రైతు ప్రతినిధిగా వచ్చెయ్యండి. పోషకాహారం మీద నేషనల్ సెమినార్. రావలసిన రైతు రైలు తప్పిపోయాడు."

"మా నాన్న దర్జీ నాయనా. నేను నాగలి ముట్టుకోలేదు."

"ఫరవాలేదండీ, ప్యానెల్‌లో ఎవరూ ముట్టుకోలేదు. తలపాగా మేమే తెస్తాం."

ఒక్క మాట చెప్పే అవకాశం దొరుకుతుంది కదా అని వెళ్ళాను. ధౌలా కువాన్ దాటాక పెద్ద హోటలు. తలపాగా తెచ్చారు. రాజస్థానీది! వెనక నడుం దాకా తోక. గోదావరి జిల్లా దర్జీ కొడుకుని ఎడారి రైతుగా వేదిక ఎక్కించారు. ఎవరికీ అనుమానం రాలేదు. రైతంటే తలపాగాయే కదా!

వేదిక ముందు గాజుపెట్టెలో ఆదర్శ పళ్ళెం. పప్పు, గుడ్డు, ఆకుకూర, పండు. పప్పు తళతళలాడుతోంది. ఫొటోల కోసం వార్నిష్ కొట్టామని అక్కడి కుర్రాడు గర్వంగా చెప్పాడు. ఎండదు, చెడదు, ఎవరూ తినరు. దేశానికి సరిపోయే పళ్ళెం.

నా వంతు వచ్చింది. "రేషన్‌లో పప్పు కూడా ఇవ్వండి. మా ఇంద్రాణికి ఒక్క నెలే ఉంది" అన్నాను. అంతే, కూర్చున్నాను.

చప్పట్లు! అధ్యక్షురాలు సుభాషిణి మేడమ్ కళ్ళు తుడుచుకుంది. "వాట్ ఎ పవర్‌ఫుల్ వాయిస్!" అంది. తరవాత ఎజెండా తిరగేసి, "పప్పు ఈ సెషన్‌లో లేదు అంకుల్‌జీ. లంచ్‌లో ఉంది" అంది.

ఉంది. వెన్న తేలుతోంది.

సాయంత్రం తీర్మానం చదివారు. ధాన్యం సరఫరా పట్ల రైతు ప్రతినిధి హర్షం వెలిబుచ్చారట! తలపాగా వెనక్కి తీసుకున్నారు. ఆదర్శ పళ్ళెం పోస్టరు చేతిలో పెట్టారు.

మర్నాడు ఇంద్రాణి చీపురు పక్కన పెట్టి ఆ పోస్టరునే చూసింది.

"అంకుల్, ఈ థాలీ ఏ కార్డుకి ఇస్తారు?"

"ఇంకా రాలేదు."

"వస్తే చెప్పండి. అందరికంటే ముందు లైన్లో నిలబడతా."

మీరే కాస్త పప్పు పెట్టొచ్చు కదా అంటారు మీరు. పాఠకులు దయగలవాళ్ళు, ఇతరుల కుక్కరు విషయంలో మరీను. పెట్టాను. తోటకూర పప్పు, ఉడికించిన గుడ్డు. డబ్బాలో ఇంటికి పట్టుకుపోతానంది. వద్దన్నాను. ఆ ఇంట్లో అత్త ఉంది, మొగుడుంది, మరిది ఉన్నాడు. డబ్బా అడుగున ఆమెకేం మిగులుతుంది? "ఇక్కడే, నా ఎదురుగానే తిను" అన్నాను.

"ఆప్ కిత్‌నే గుస్సేవాలే హో, ఎంత కోపమండీ మీకు" అని నవ్వుతూ తింది. మాత్రలిప్పుడు ఒంట్లో నిలుస్తున్నాయి. రక్తం తొమ్మిది దాటింది.

కాబట్టి అయ్యలారా, విధానం విఫలమైందని ఎవరూ అనకండి. జియా సరాయ్‌లో, మొదటి అంతస్తులో, ఒక ముసలాడి స్టవ్ మీద అది దివ్యంగా అమలవుతోంది. పంట, ఆరోగ్యం, గుడ్డు, పప్పు, సమస్త శాఖలూ ఒక్క కుక్కర్‌లో సమన్వయమయ్యాయి. ఇలాంటి ముసలాడు ప్రతి వీధికీ ఒకడుంటే మంత్రిత్వ శాఖలెందుకు?

చిన్న ఇబ్బంది. మొన్న కుక్కరు మూత రబ్బరు తెగింది. దుర్గాంబ కొన్న కుక్కరది. ఆ మోడలు ఇప్పుడు రావడం లేదని దుకాణంవాడన్నాడు. గిన్నెలోనే ఉడికిస్తున్నాను. పప్పు పలుకుగానే ఉంటోంది. ఇంద్రాణి నమిలి మింగుతోంది. తొమ్మిదో నెల పడింది. పదికి ఇంకా అర తక్కువ.

సదాశివరావుకి ఫోన్ చేసి సంగతి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. రబ్బరు ఏ శాఖ కిందికి వస్తుందో కనుక్కుని చెప్తానన్నాడు.