మామగారి పాట క్యాసెట్‌కెక్కిన వైనం

ఆదివారం పొద్దున్నే కాఫీ తాగేసి, మామగారి పాటను క్యాసెట్‌లోకి ఎక్కించేసి, మధ్యాహ్నం తీరిగ్గా వంకాయ కూరతో భోంచేసి పడుకోవాలని శ్రీరాములు పథకం వేసుకున్నాడు. అందులో కాఫీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

పాటల మీద ఇతను తగలేసిన డబ్బుతో ఇంకో అరెకరం కొబ్బరితోట వచ్చేదని అతని భార్య సత్యవేణి గట్టి అభిప్రాయం. చేత్తో తిప్పే గ్రామఫోను మోజు తీరకముందే కరెంటు మిషనూ, దానికి పళ్ళేలంతేసి రికార్డులూ వచ్చాయి. అవి అలమరా నిండేసరికి క్యాసెట్లు దిగాయి. "ఇంక దీన్ని మించింది రాదండీ, నా మాట నమ్మండి" అని అమలాపురం దుకాణదారు మూడోసారి కూడా అదే మొహంతో చెప్పాడు. శ్రీరాములు మూడోసారీ నమ్మాడు. కరెంటు మిషనునూ పెద్ద రికార్డులనూ సగానికి సగం ధరకు వదిలించుకుని, ఆ ఏడాది కొబ్బరి దింపు డబ్బంతా దానికి కలిపి టేపు రికార్డరు ఇంటికి తెచ్చాడు. పాటలున్న క్యాసెట్టు కొందామంటే ధర మండిపోతోంది. అందుకని రెండు ఖాళీ క్యాసెట్లతో సరిపెట్టుకున్నాడు.

సత్యవేణి ఒక్క మాటే అంది. "ముందు మా నాన్నగారి పాట అందులోకెక్కాలి. ఆ తర్వాతే మీ పాటలు."

ఆవిడ తండ్రి ఆ రోజుల్లో నాటకాల్లో పద్యాలు పాడేవాడు. మద్రాసు తీసుకెళ్ళి ఎవరో ఒక రికార్డు వేయించారు. లోకంలో ఇప్పుడు మిగిలింది సత్యవేణి పెట్టెలో ఉన్న ఆ ఒక్కటే. గోదావరికి వరదొచ్చి పడవలు ఆగిపోయిన వారంలో ఆయన అవతలి ఒడ్డున కన్నుమూశాడు. ఆవిడకు కడసారి చూపు దక్కలేదు. తర్వాత ఆ పాటైనా విందామంటే ఆ పాత రికార్డు కరెంటు మిషను మీద పలకదు, గ్రామఫోనుకేమో రికార్డు మీద ఆనించే ముళ్ళు దొరకడం మానేశాయి.

ఎవరూ కొనకపోవడం వల్ల గ్రామఫోను అటక మీద మిగిలింది. ముళ్ళ కోసం అమలాపురం, రాజోలు గాలించినా లాభం లేకపోయింది. చివరికి చర్చిలో పాటలు నేర్పే దేవసహాయం మాస్టారు పాత పెట్టె వెతికి మూడు ముళ్ళు తెచ్చిచ్చాడు. "ఒక ముల్లు ఒక్కసారికేనండి. రెండోసారి వాడేరంటే రికార్డును గీరేత్తదండి" అని మరీ చెప్పాడు.

గ్రామఫోను ముందు టేపు రికార్డరు పెట్టి రికార్డు తిప్పితే పాట అందులో పడుతుంది. పాటతోపాటు చీమ చిటుక్కుమన్నా పడుతుంది. అందుకని సత్యవేణి కోళ్ళను గంపల కింద మూసింది. వీధి తలుపూ దొడ్డి తలుపూ గడియ పెట్టింది. గిన్నెల చప్పుడవుతుందని పొయ్యి కూడా వెలిగించలేదు.

శ్రీరాములు మొదటి ముల్లు బిగించి, మీట నొక్కి, ఊపిరి బిగబట్టాడు. మామగారు గొంతు సవరించుకుని ఎత్తుకున్నారో లేదో, దొడ్లో కొబ్బరికాయలు దబదబా పడ్డాయి. చెట్లెక్కి దింపు తీసే కూలి చిన్నబ్బాయి ఆ పూట వస్తాడని ఇద్దరికీ గుర్తే లేదు.

ఒక ముల్లు గంగపాలైంది. శ్రీరాములు కళ్ళ నీళ్ళతో దొడ్లోకి పరిగెత్తి, నోటి మీద వేలేసుకుని, దిగి వెళ్ళిపొమ్మని చేత్తో సైగ చేశాడు.

"ఆపేమంటారాండీ? ఆయ్! ఈ గెల పడిపోగానే ఆపేత్తానండి!" అని చెట్టు మీంచి ఊరంతా వినబడేలా మర్యాద చేశాడు చిన్నబ్బాయి.

దిగాక అతను చుట్టూ చూశాడు. పట్టపగలు తలుపులన్నీ మూసున్నాయి. వంటింట్లోంచి పొగ లేదు. అయ్యగారు ఏడుస్తున్నారు. అమ్మగారి అలికిడి లేదు. చిన్నబ్బాయి తలపాగా తీసి చంకలో పెట్టుకుని, మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. ఎంత బుద్ధిమంతుడని శ్రీరాములు మెచ్చుకున్నాడు.

రెండో ముల్లుతో పాట సగం దాకా అద్భుతంగా నడిచింది. అప్పుడు వీధి తలుపు గడియ ఊడేలా తోసుకుని పక్కింటి అచ్చాయమ్మ వచ్చిపడింది.

"నా తల్లీ సత్యవేణీ! నిన్న సాయంత్రమే కదే నా దగ్గర ఆవాలు బదులు తీసుకున్నావు! అప్పుడే నూరేళ్ళూ నిండిపోయేయే!"

రికార్డు తిరుగుతోంది కనుక సత్యవేణి పలకలేదు. గోడవార నిలబడే, మాట్లాడొద్దని నోటి మీద వేలేసుకుని కళ్ళెర్రజేసింది. పోయిన మనిషి కళ్ళెర్రజేయడం చూసి అచ్చాయమ్మ పెట్టిన కేక, ఆ క్యాసెట్లో ఈనాటికీ స్పష్టంగా ఉంది.

శ్రీరాములు వాకిట్లోకి వచ్చి చూశాడు. ఊళ్ళో ఆడవాళ్ళంతా కొంగులు నోటికడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఎవరో చారూ అన్నమూ తెచ్చారు. చిన్నబ్బాయి రెండు పచ్చి వెదుళ్ళు భుజాన వేసుకుని ఓ పక్కగా నిలబడ్డాడు.

"మా ఆవిడ బతికే ఉందండీ!" అన్నాడు శ్రీరాములు.

"అలాగే అనిపిత్తాదండి. మా బావ పోయినప్పుడు మా అక్కా ఇలాగే అందండి" అని చిన్నబ్బాయి ఓదార్చాడు.

సత్యవేణి స్వయంగా బయటికొచ్చి నాలుగు చీవాట్లు పెడితేగానీ జనం నమ్మలేదు. సంగతి తెలిశాక అందరూ సిగ్గుపడ్డారు. అలాగని ఎవరూ లేవలేదు. "పెద్దాయన పాటంట. విని వెళ్తామమ్మా, కిక్కురుమనం" అన్నారు. పొమ్మనడానికి సత్యవేణికి నోరు రాలేదు. పరామర్శకు వచ్చిన దేవసహాయం మాస్టారు చెయ్యెత్తి అందరినీ నిశ్శబ్దం చేశాడు.

మిగిలింది ఒక్కటే ముల్లు. శ్రీరాములు టేపు రికార్డర్లో రెండో క్యాసెట్టు పెట్టి, ఆ ముల్లు బిగించాడు. ఇది పోతే తన భార్యకు తండ్రి గొంతు ఇక ఉండదు. ఈ ఇంట్లో తనకు మొహం ఉండదు.

పాట మొదలైంది. పిట్ట కూడా కూయలేదు. చెంగు నోట్లో కుక్కుకున్న వాళ్ళు కుక్కుకున్నట్టే ఉన్నారు. మామగారు పద్యం పల్లకీ మోసినట్టు మోసుకెళ్ళి, చివరి పాదం దగ్గర పైకెత్తారు.

"నాన్నా!" అంది సత్యవేణి.

పొద్దుట్నుంచీ ఊరందరి నోళ్ళూ మూయించిన మనిషి కుప్పకూలి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. అన్నేళ్ళూ ఆవిడ ఆయన కోసం నోరారా ఏడవనే లేదు. ఏడవడానికే వచ్చి, ఏడవకుండా కూర్చున్న ఆడవాళ్ళు ఇంక ఆగలేదు. అచ్చాయమ్మ ఎత్తుకుంది. మిగతావాళ్ళు అందుకున్నారు.

ముల్లు రికార్డు చివర గరగరమంటూ ఆగింది. శ్రీరాములు తల పట్టుకుని నేల మీద చతికిలబడ్డాడు. జనం వెళ్ళిపోయాక, తిట్లకు సిద్ధపడి క్యాసెట్టు వెనక్కి తిప్పి పెట్టాడు. ముందు పద్యం వచ్చింది. దాని మీద ఏడుపు వచ్చింది. ఆ తర్వాత మామగారి గొంతు శోకాల అడుగున ఎక్కడో మునిగిపోయింది.

సత్యవేణి కళ్ళు తుడుచుకుంది. "బాగా వచ్చిందండీ. ఇంకోసారి పెట్టండి."

ఆ సాయంత్రం ఆ క్యాసెట్టు విన్న దేవసహాయం మాస్టారు, ఒంటిగాత్రం సంగతి చెప్పలేనుగానీ బృందగానం మాత్రం చక్కగా కుదిరిందన్నాడు.