నలభై నిమిషాల మాంగల్యరక్షణ

కురుగోడు రామసుబ్బా గారు బళ్ళారిలో నలభై నిమిషాలపాటు బంగారు తాళి అండ లేకుండా జీవించి, క్షేమంగా ఇల్లు చేరుకున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. ఆ నలభై నిమిషాలూ స్కానింగు జరిగింది ఆయన భార్య సుభద్రమ్మకు. సందర్భం వచ్చింది కాబట్టి ఆ సంగతీ చెప్పవలసి ఉంది.

సుభద్రమ్మకు నాలుగు నెలలుగా తలనొప్పి. గోడగడియారం చప్పుడులాగా ఇంట్లో అందరూ దానికి అలవాటు పడ్డారు. అయితే ఒకరోజు జొన్నరొట్టె వంకరగా వచ్చింది. మర్నాడు పెనం మీదికి పోకముందే చిరిగింది. కుడిచెయ్యి పట్టు తప్పుతోందని ఆమె చెప్పింది. రొట్టె విషయం కాబట్టి కుటుంబం తక్షణమే స్పందించింది. కొడుకు కేశవ టిప్పర్ల పని ఆపుకుని, మేనత్త సిద్దక్కను తోడు తీసుకుని, తల్లిని బళ్ళారికి తీసుకెళ్ళాడు.

మెదడులోని రక్తనాళాలు వాచి ఉండవచ్చని డాక్టరు హిమబిందు అనుమానించింది. మామూలు స్కానింగులో అది తేలకపోవచ్చని, నాళాల గోడలను కూడా చూపించే ఎంఆర్ఐ తీయాలని, ఆలస్యం చేస్తే పక్షవాతం రావచ్చని చెప్పింది. ఒంటిమీద లోహం ఏదీ ఉండకూడదని చివర్లో అంది. సిద్దక్కకు ఆ చివరి మాట ఒక్కటే వినబడింది.

ఆ సాయంత్రమే కురుగోడులో ఆమె అధ్యక్షతన సభ జరిగింది. ముక్కుపుడక, గాజులు, మెట్టెల విషయంలో సభ్యులు ఉదారంగా వ్యవహరించారు. తాళి దగ్గర చర్చ మూడు రోజులు సాగింది.

"మిషన్‌దేముందిప్పా, అది ఇనుము. మా తమ్ముడు ప్రాణమున్న మనిషి. ఆయమ్మ తాళి తీసినాక వీనికేమన్నా అయితే డాక్టరమ్మ జవాబు చెప్తాదా?" అని సిద్దక్క అడిగింది. రామసుబ్బా గారు అప్పుడే కొంచెం నీరసపడ్డారు.

రెండోరోజు సుభద్రమ్మ చేతిలోంచి పాలగిన్నె జారిపడింది. మూడోరోజు కుడికన్ను మసకబారింది. అవి సభ ఎజెండాలో లేవు.

పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టి, అది మెడలో పడ్డాకే బంగారు తాళి తీయాలని చివరకు ఏకగ్రీవంగా తీర్మానించారు. అంత పెద్ద అయస్కాంతం ముందు పసుపుకొమ్ము ఎంతవరకు నిలబడుతుందో మాత్రం ఎవరూ పూచీ పడలేకపోయారు. అందుకని రామసుబ్బా గారికి ప్రత్యేక రక్షణ కల్పించారు.

మర్నాడు రెండు జీపుల్లో తొమ్మిదిమంది బళ్ళారికి వచ్చారు. సుభద్రమ్మ స్కానింగు గదిలోకి వెళ్ళగానే మిగిలిన ఏడుగురూ రామసుబ్బా గారిని రోడ్డు దాటించి, ఎదురుగా ఉన్న క్లినిక్కులో ఫ్యాను కింద కూర్చోబెట్టారు. పది నిమిషాలకొకసారి బీపీ చూపించారు. ఆయన టీ అడిగితే వేడి చేస్తుందన్నారు. మూత్రానికి వెళితే ఇద్దరు తోడు వెళ్ళారు.

నాళాలు స్పష్టంగా కనబడటానికి మందు ఎక్కించాలి, బంధువుల సంతకం కావాలి అని టెక్నీషియన్ మౌనేష్ బయటికి వచ్చి పిలిచాడు. కుర్చీలన్నీ ఖాళీ. ఎదుటి క్లినిక్కుకు కబురు పంపితే, రామసుబ్బా గారిని వదిలి రాలేమన్నారు. చివరకు కాగితం సుభద్రమ్మకే ఇచ్చాడు. ఆమె సంతకం కూడా రొట్టెలాగే వంకరపోయింది.

"మావాళ్ళు యాడికి పోయినారప్పా?"

"ఎదురుగా క్లినిక్‌లో ఉండారమ్మా. మీ ఇంటాయనకు బీపీ చూపిస్తాండారు."

"ఎంతుండాదంట?" అని ఆమె అడిగింది.

రక్తనాళాలు వాచిన మాట నిజమేనని చిత్రాల్లో తేలింది. ఆ రోజే ఆసుపత్రిలో చేర్చుకుని మందులు మొదలుపెట్టారు. ఇంకో వారం ఆగి ఉంటే చెయ్యి తిరిగి వచ్చేది కాదని డాక్టరు అంది. వారం తర్వాత సుభద్రమ్మ ఇంటికి వచ్చేసరికి బంధువులు అరటిపళ్ళతో, బిస్కెట్లతో బారులు తీరారు. రామసుబ్బా గారిని చూసి పోవడానికి. "నలభై నిమిషాలప్పా, తమాషానా?" అని సిద్దక్క ప్రతి ఒక్కరికీ వివరించింది. వచ్చినవాళ్ళకు సుభద్రమ్మ కాఫీ ఇచ్చింది, ఎడమచేత్తో.

మూడు నెలలకు మళ్ళీ స్కానింగు చేయించాలన్నారు. ఈసారి కుటుంబం బీపీ మిషన్ సొంతంగా తెచ్చుకుంది. రొట్టెలు గుండ్రంగా వస్తున్నాయని కేశవ డాక్టరుకు నివేదించాడు. తమ్ముడు బాగున్నాడని సిద్దక్క చెప్పింది. డాక్టరు ఇద్దరినీ ఆపి, "నీకెలా ఉందమ్మా?" అని అడిగింది.

ఎవరిని అడుగుతున్నారోనని సుభద్రమ్మ వెనక్కి తిరిగి చూసింది.

ఇది కురుగోడులోనే జరిగిందనుకోకండి. పుస్తకం పక్కన పెట్టి మీ వంటింట్లోకి వెళ్ళి, అక్కడున్నావిడను అదే మాట అడిగి చూడండి. ఆమె మొదట తన వెనకాల ఎవరున్నారో చూస్తుంది. తర్వాత మీకేమైందని అడుగుతుంది.