వాక్కాయ పొద దగ్గర నిమ్మకాయ

శనివారం పొద్దున రూబీ పెట్టుకున్న పని చిన్నదే. పిట్టలకు గింజలు వేయాలి, టీ తాగాలి, పులిహోర కలపాలి. గుంటూరు నుంచి వచ్చి హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, హఫీజ్‌పేట్‌లో విల్లా అద్దెకు తీసుకున్న మనిషి. పెరట్లో పరిచిన షోకు గడ్డి పీకేసి తంగేడు, వావిలి, జిల్లేడు, వాక్కాయ నాటింది. ముళ్లతో చిక్కబడ్డ వాక్కాయ పొదలో జెముడుకాకి గూడు కట్టి పిల్లల్ని చేసింది. దాని కళ్లు ఎర్రగా ఉంటాయి. గొంతు, ఖాళీ కుండలో నోరుపెట్టి ఊదినట్టుంటుంది.

ముసురు పట్టిన ఆ పొద్దున కాలనీ సెక్యూరిటీ మల్లయ్య గోడ మీంచి తొంగిచూశాడు. కొత్త మూకుట్లో గింజలు కనిపించాయి. చీమలు పట్టకుండా దాని చుట్టూ రూబీ చల్లిన పసుపు కనిపించింది. పొదలోంచి "ఊప్... ఊప్... ఊప్" అని వినిపించింది. రెండు ఎర్రటి కళ్లు అతన్నే చూస్తున్నాయి. మల్లయ్య చప్పుడు చేయకుండా ఒక నిమ్మకాయ తెచ్చి అక్కడ పెట్టి, వెనక్కి చూడకుండా నడిచాడు.

కాకి ఎత్తుకొచ్చి పడేసిందనుకుని, రూబీ దాన్ని కడిగి పులిహోరలో పిండేసింది.

"తీస్కున్నది సార్," అన్నాడు మల్లయ్య, అసోసియేషన్ అధ్యక్షుడు ఉదయ్ భాస్కర్‌తో. "నేను పెట్టిన నిమ్మకాయ తీస్కున్నది. ఇగ ఆ గల్లీల నేను డ్యూటీ చెయ్య."

సంగతి వాట్సాప్ గ్రూపుకెక్కింది. సాయంత్రానికి గోడ పక్కన మరిన్ని నిమ్మకాయలు, రెండు కొబ్బరికాయలు చేరాయి. కొబ్బరికాయ కాకి మోయదు కనక ఇది ఇరుగుపొరుగు అభిమానమని రూబీ మురిసిపోయి, పచ్చడి నూరింది. కొబ్బరికాయలు కూడా మాయమయ్యాయని తెలిశాక కాలనీలో ఎవరికీ అన్నం సహించలేదు.

ఆదివారం ఉదయ్ భాస్కర్ నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. మల్లయ్య చేతిలో కొడవలి ఉంది.

"ఓనర్‌తో మాట్లాడానమ్మా. పొద కొట్టించేస్తున్నాం."

"అది జెముడుకాకండీ. గూట్లో పిల్లలున్నాయి. ఇంకా ఎగరడం రాలేదు," అని రూబీ బతిమాలి, ఆకుల సందులోంచి గూడు చూపించింది.

ఉదయ్ భాస్కర్ ముఖం వికసించింది. "పిట్టేనా? అయితే భయమేముంది? కొట్టేయ్ మల్లయ్యా."

 నిజం చెప్పి రూబీయే వాటి ప్రాణం మీదికి తెచ్చింది. గొంతు తగ్గించింది.

"సరేనండీ. మొదటి వేటు వేసేవాళ్ల పేరు, నక్షత్రం చెప్పి కానివ్వండి. తర్వాత అడిగితే వాళ్లు చెప్పగలరో లేదో."

మల్లయ్య కొడవలి దించాడు. సరిగ్గా అప్పుడే పొద "ఊప్" అంది.

"మీరు చర్చికి పోతరు గద మేడమ్," అన్నాడు మల్లయ్య సన్నగా.

"అందుకే నన్నింకా ఏం చేయలేదు మల్లయ్యా."

కొడవలి గోడకు ఆనించి అందరూ వెళ్లిపోయారు. తర్వాత ఆ పొద జోలికి ఎవరూ రాలేదు. పిల్లలు రెక్కలొచ్చి, తల్లి వెంట చెరువు వైపు ఎగిరిపోయాయి. రూబీ సంతోషంతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు పొద్దున మళ్లీ ముసురు. ఎవరో భక్తిగా పెట్టివెళ్లిన నిమ్మకాయను రూబీ అలవాటుగా చేతిలోకి తీసుకుంది. "ఊప్... ఊప్..." అని వినిపించింది. వెనక్కి వచ్చాయేమోనని ఆశగా కొమ్మలు విడదీసింది. గూడు ఖాళీగా ఉంది. పొదంతా వెతికింది, ఈక కూడా కదల్లేదు. గొంతు మాత్రం ఆగలేదు. ఈసారి అది ఆమె కాళ్ల కింది మట్టిలోంచి వస్తోంది.

రూబీ నిమ్మకాయను తీసినచోటే పెట్టి, ఆ రోజు పులిహోర చింతపండుతో కలిపింది.