పడవకు ఈశాన్యం

ప్రతి ఇంటికీ ఒక పడవ ఉండి తీరాలి!

నీళ్లున్న ఊళ్ల సంగతి నేను మాట్లాడటం లేదు. అక్కడివాళ్లు పడవెక్కి చేపలు పట్టుకుంటారు, ఏరు దాటుతారు. పనికొచ్చే వస్తువు ఇంట్లో ఉండటంలో గొప్పేముంది? నల్లమబ్బు కనిపిస్తే ఫొటో తీసి స్టేటస్ పెట్టుకునే మన మెట్ట ప్రాంతంలో, పోర్టికోలో పడవ ఉంటే ఆ దర్జాయే వేరు. ఈ సత్యాన్ని అందరికంటే ముందు గ్రహించిన మహానుభావుడు ఆత్మకూరులో ఉన్నాడు. పేరు పెంచలప్రసాద్.

ఆయనకు మర్రిపాడు దగ్గర నిమ్మతోట ఉంది. కూతురి చదువు కోసం ఆత్మకూరులో మిద్దె కట్టుకున్నాడు. ఇంట్లో భార్య సుధారాణి, డిగ్రీ చదివే నవ్యశ్రీ, తల్లి పిచ్చమ్మ. వీళ్లతోపాటు మిద్దె మీద పగిలిపోయిన సిమెంటు తొట్టి ఒకటి.

ఆ తొట్టి గురించి రెండు ముక్కలు చెప్పాలి. పొద్దున్నే సుధారాణి మోటారు వేసి దాన్ని నింపుతుంది. మధ్యాహ్నానికల్లా ఆ నీళ్లు పగుళ్లలోంచి గోడ మీదికి, గోడ మీంచి వీధిలోకి వెళ్లిపోతాయి. వీధిలో పచ్చగడ్డి మొలిచి పక్కింటి మేకలు కళకళలాడుతున్నాయి. సుధారాణి మాత్రం పెరట్లో డ్రమ్ముల్లో పట్టుకున్న నీళ్లను బిందెలతో వంటింట్లోకీ, బాత్రూంలోకీ మోస్తుంటుంది. కుడిభుజం పైకి లేవడం మానేసింది. ఎండాకాలంలో బోరు పొద్దున కాసేపే పోస్తుంది. ఆ కాసేపట్లో పట్టిన నీళ్లు తొట్టిలో నిలవకపోతే ఇక రోజంతా ఇబ్బందే. ఎండలు ముదిరేలోగా తొట్టి బాగుపడాలి. ఆమె కోరిక అదొక్కటే.

వీధి చివర ప్లంబర్ అంకారావు ఉన్నాడు. అతన్ని పిలుస్తానని ఆమె అన్నప్పుడల్లా పెంచలప్రసాద్ చిన్నబుచ్చుకునేవాడు.

"ప్లంబర్ ఎందుకే? నేను చేస్తా గదా!"

ఎంత మంచి మాట! పరాయివాడొచ్చి మన తొట్టి మీద చెయ్యి వేస్తే ఇంటి యజమాని పరువేం కావాలి? నేనూ అంతే. మా బాత్రూం తలుపుకి గడియ పడటం మానేసి రెండేళ్లయింది. వడ్రంగిని గడప తొక్కనిచ్చానా? ఆ పని నేనే చేస్తానని చెప్పాను. ఈలోగా లోపలున్నవాళ్లు దగ్గుతూ ఉంటే సరిపోతుంది కదా!

ఒక ఆదివారం పెంచలప్రసాద్ నిజంగానే నడుం కట్టాడు. తొట్టి లీకు ఎలా ఆపాలో నేర్చుకుందామని ఫోన్లో యూట్యూబ్ తెరిచాడు. వీడియో అయిపోయింది. దాని వెనకే ఇంకోటి దానంతటదే మొదలైంది. ఎక్కడో చలిదేశంలో ఒక గడ్డపాయన చిన్న అల్యూమినియం పడవను పెరట్లో పెట్టుకుని సొంతంగా సోకు చేసుకుంటున్నాడు. పెంచలప్రసాద్ ఆ రోజు భోజనానికి కూడా లేవలేదు.

తర్వాత కొన్నాళ్లకు నెల్లూరు అవతల పాత సామాన్ల కొట్టు నుంచి ఒక ట్రాలీ ఆటో వచ్చి ఇంటి ముందు ఆగింది. నలుగురు కలిసి అల్యూమినియం పడవను దించారు. పిచ్చమ్మ అరుగు మీంచి లేచొచ్చి దాని చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"గొడ్లనమ్మేసినాక కుడితితొట్టి తెచ్చినావేందిరా? ఇంత తొట్టిలో ఏనుగు తాగాల!"

"అవ్వా, తొట్టి కాదు, పడవ" అంది నవ్యశ్రీ.

"తొట్టి కాకపోతే ఏంది? చుట్టూ అంచుండాది, కింద అడుగుండాది. నీళ్లు పోస్తే నిలబడతాయి గదా."

పెద్దావిడ మాట ఎవరు పట్టించుకుంటారు! పోర్టికోలో ఉండే కారు వీధిలోకి వెళ్లింది. పడవ పోర్టికోలోకి వచ్చింది.

ఇక చూడండి, ఆ ఇంటికి పట్టిన వైభోగం! ఎన్నాళ్ల నుంచో పలకరింపుల్లేని చుట్టాలు వరసలు కలుపుకుంటూ వచ్చారు. మగవాళ్లు పడవ చుట్టూ నిలబడి, వెనక చేతులు కట్టుకుని, తలలాడించారు. జీవితంలో చెరువు గట్టు దిగనివాడు కూడా పడవకు ఏం కావాలో చెప్పగలిగాడు. అందరికీ టీలు పెట్టింది సుధారాణి. పాలవాడికి గిరాకీ పెరిగింది. ఒక్క పడవ వీధి మొత్తాన్ని ఏకం చేసిందంటే అతిశయోక్తి కాదు!

మొదట పడవలో పచ్చ కార్పెట్ పరిచాడు. తర్వాత గిర్రున తిరిగే ఆఫీసు కుర్చీ బిగించాడు. రంగురంగుల ఎల్ఈడీ లైట్లు, బ్లూటూత్ స్పీకరు, టీ గ్లాసు పెట్టుకునే రింగులు, పైన టాపు, దానికి జాలరు కుచ్చులు. చేపలు పట్టే గాలం ఒక్కటే ఇంకా కొనలేదు. అసలైన పని ముందు, చిల్లర సామాను తర్వాత. అదీ పద్ధతి!

సుధారాణికి కూడా ఈ ప్రాజెక్టు వల్ల ఎంతో మేలు జరిగింది. మనిషికి కావాల్సింది ఆశ. ఆ ఆశ ఆమెకు వారం వారం దొరికింది. ఒకరోజు ఆయన పీవీసీ పైపు తెచ్చాడు.

"తొట్టికేనా?" అని ఆమె ఎదురెళ్లింది.

"తొట్టికే తెచ్చినా. ముందర పడవకు ఒక ముక్క కోసుకుంటా. గాలం పెట్టే దానికి."

ఒక ముక్క అనుకున్నది మొత్తం పైపు అయింది. ఇంకోరోజు లీకులు పూడ్చే ఎంసీల్ ప్యాకెట్లు తెచ్చాడు. అవి స్పీకరు కదలకుండా ఉండటానికి పనికొచ్చాయి. ఆ రోజు సుధారాణికి నిజంగా ఏడుపొచ్చింది. బిందె ఎత్తబోతే భుజం కలుక్కుమంది. పోర్టికోలోకి వచ్చి చూస్తే స్పీకరులో పాట, కుర్చీలో మొగుడు.

"ఏమయ్యా, ఎండలొచ్చేసినాయి. తొట్టి సంగతేంది?"

"పడవ అయిపోనీ. తర్వాత తొట్టి నాకు చిటికెల పని" అన్నాడు, కుర్చీలో ఒక చుట్టు తిరిగి.

అలాంటి సమయంలో ఉదయగిరి నుంచి మాల్యాద్రి మామ దిగాడు. పిచ్చమ్మకు స్వయానా తమ్ముడు. వాస్తు చూస్తాడు. ఆయన మాట మీద ఉదయగిరిలో వంటిళ్లు దిక్కులు మార్చుకున్నాయి, మెట్లు కూలిపోయి ఇంకోవైపు మొలిచాయి. పడవను చూడగానే ఆయన మొహం గంభీరంగా మారిపోయింది.

"అల్లుడా, మంచం వేసుకున్నా దిక్కు చూసుకుంటాం. దీంట్లో కూర్చోని నీళ్లలోకి పోతావు. దిక్కు చూసుకోవద్దా?"

పెంచలప్రసాద్ కుర్చీలోంచి దిగ్గున లేచాడు. నిజమే కదా! అంత పెద్ద చలిదేశపాయనకు కూడా ఈ విషయం తోచలేదు.

ఆ సాయంత్రమంతా పడవకు వాస్తు సరిచేశారు. బరువు నైరుతిలో ఉండాలి కాబట్టి బ్యాటరీ, ఐసు డబ్బా, కుర్చీ అన్నీ ఆ మూలకే చేరాయి. టీ కాచుకునే స్టవ్ ఆగ్నేయానికి వెళ్లింది. చివర్లో మాల్యాద్రి మామ ఈశాన్యం మూల వంగి చూశాడు.

"నీళ్లు ఈశాన్యంలోంచి బయటికి పోవాల. దీనికి తూమేదిరా?"

"లేదు మామా. కార్పెట్ కడిగితే నీళ్లు లోపల్నే నిలబడతా ఉండాయి."

"నిలబడవా మరి? ఒక బొక్క కొట్టు."

డ్రిల్లింగ్ మిషను గుర్రుమంది. తొట్టికని తెచ్చిన పైపు ఎంత లావో సరిగ్గా అంత బొక్క, ఈశాన్యం మూలన, అడుగున! దానికొక మూత పెడదామా అని పెంచలప్రసాద్ అడిగాడు.

"ఈశాన్యం మూస్తారంట్రా ఎవరన్నా?" అని మామ మండిపడ్డాడు.

నవ్యశ్రీకి ఒక అనుమానం వచ్చింది. "తాతా, పడవ తిరిగితే ఈశాన్యం కూడా పక్కకు పోతాది గదా?"

"తిప్పకుండా నడపాల" అన్నాడు మాల్యాద్రి మామ.

ఇక్కడ కొందరు పాఠకులు ముసిముసిగా నవ్వుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. తొందరపడకండి. పెంచలప్రసాద్ గుడ్డిగా నమ్మే మనిషి కాదు. బొక్కను పోర్టికోలో రోజూ పరీక్షించాడు. బకెట్లకు బకెట్లు నీళ్లు పడవలో పోశాడు. ప్రతిసారీ బయటికే పోయాయి. ఒక్క చుక్క లోపలికి రాలేదు! ఇంతకంటే శాస్త్రీయమైన పరీక్ష ఇంకేముంటుంది?

సుధారాణి కూడా ఆ బొక్కను చూసింది.

"మన తోట పక్క చెరువులో నీళ్లెంతుండాయి?" అని మాత్రం అడిగింది.

"నడుం లోతు ఉంటాయి. ఏం?"

"ఏం లేదు. పోయిరాండి" అంది. ఆయనకూ, మాల్యాద్రి మామకూ రెండు పొడి పంచెలు మడిచి సంచిలో పెట్టింది.

ఒక మంచిరోజు చూసుకుని పడవ మర్రిపాడు దారి పట్టింది. పెంచలప్రసాద్, మాల్యాద్రి మామ, వీడియో తీయడానికి నవ్యశ్రీ. కొత్త బండికి చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. పడవకు చక్రాల్లేవే! ఏం ఫర్వాలేదు, ట్రాలీ ఆటో చక్రాల కింద పెట్టి తొక్కించారు. పడవ ముందు భాగానికి కొబ్బరికాయ కొడితే కాయ పగల్లేదు, పడవకే సొట్ట పడింది.

ట్రాలీ ఆటో వీధి మలుపు తిరిగిందో లేదో సుధారాణి అంకారావుకు ఫోన్ చేసింది. ఇన్నాళ్లకు, ఆ మధ్యాహ్నం, ఆ ఇంట్లో ప్లంబర్ అడుగుపెట్టాడు! అతను మిద్దెక్కి, తొట్టిలోకి దిగి, పెదవి విరిచాడు.

"అక్కా, దీని పనయిపోయిండాది. అడుగంతా పగుళ్లే. ఎంసీల్ పెడితే నిలవదు. ఇంకేదన్నా పెద్ద తొట్టి ఉంటే చూపియ్యి, నిమిషంలో పైపు బిగిస్తా."

ఇన్నాళ్లూ బాగవుతుందని ఎదురుచూసిన తొట్టి అసలు బాగయ్యేదే కాదట! సుధారాణి మెట్ల మీదే కూలబడింది. అప్పుడే ఫోన్లో నవ్యశ్రీ పంపిన వీడియో వచ్చింది.

చెరువులో పడవ. పాటలు. కుర్చీలో మాల్యాద్రి మామ. బరువంతా నైరుతిలో ఉండటంతో పడవ ఒకవైపు ఒరిగి ఉంది. ఇంతలో కార్పెట్ మీదికి నీళ్లు రాసాగాయి.

"మామా, ఈశాన్యంలోంచి నీళ్లొస్తా ఉండాయి!"

"శుభం రా! ఈశాన్యంలో నీళ్లు కనబడితే..." అంటూ ఉండగానే మామ పంచె తడిసింది. తర్వాత మాటలు వీడియోలో వినిపించలేదు, నవ్యశ్రీ నవ్వే వినిపించింది. ఇద్దరూ నడుంలోతు నీళ్లలో పడవను లాక్కుంటూ గట్టుకు వచ్చారు. పడవ అంచుల దాకా నీళ్లు.

సుధారాణి వీడియోను మళ్లీ చూసింది. మనుషుల్ని కాదు, పడవను చూసింది. అంచుల దాకా ఎన్ని నీళ్లు పట్టాయి! అత్త మొదటిరోజు అన్న మాట గుర్తొచ్చింది.

"అంకారావ్, యాడికీ పోబాకు. టీ పెడతా, కూర్చో" అంది.

పొడి పంచెలు కట్టుకుని మగవాళ్లు తిరిగొచ్చేసరికి ఆమె గేటు దగ్గరే నిలబడి ఉంది. పెంచలప్రసాద్ తల దించుకుని పడవను పోర్టికో వైపు తోయబోయాడు.

"ఆడ కాదు. పైకెక్కించండి."

"పైకా? యాడికి?"

"మిద్దె మీదికి."

పెంచలప్రసాద్ అంకారావు చేతిలో పానా చూసి, పడవ ఒక కొస పట్టుకున్నాడు. మాల్యాద్రి మామకు మాత్రం పోయిన ప్రాణం తిరిగొచ్చింది. "నీళ్ల బరువు నైరుతి మూల పైన ఉండటం మహా శ్రేష్ఠం. నేను ముందే చెబుదామనుకున్నా!" అన్నాడు. ఇన్నాళ్లూ టీలు తాగిన వీధి మగవాళ్లంతా తలో చెయ్యి వేశారు. కుర్చీ, కార్పెట్, స్పీకరు ఊడదీశారు. గాలం కోసం బిగించిన పైపు తీసి ఈశాన్యం బొక్కలో పెడితే కొలిచి చేసినట్టు సరిపోయింది. చుట్టూ ఎంసీల్ పెట్టాక అంకారావు దాన్ని కుళాయిల లైనుకు కలిపాడు. దోమలు చేరకుండా పైన టాపు, దాని జాలరు కుచ్చులు అలాగే ఉంచేశారు.

మర్నాడు పొద్దున మోటారు వేసి పడవ నింపాక వంటింట్లో కుళాయి తిప్పితే నీళ్లు ధారగా పడ్డాయి. సుధారాణి తోమాల్సిన గిన్నెలు పక్కన పెట్టి చేతులు ఊరికే ఆ ధార కింద పెట్టుకుని నిలబడింది. ఆమెకు పట్టరానంత సంతోషం కలిగింది.

"నేను చెప్పలా, తొట్టేనని!" అంది పిచ్చమ్మ అరుగు మీంచి.

పెంచలప్రసాద్ ఇప్పుడు వచ్చినవాళ్లందరినీ మిద్దెక్కించి చూపిస్తున్నాడు. "అల్యూమినియం ట్యాంకు. ప్లంబర్ లేకుండా మొత్తం నేనే చేసినా" అంటున్నాడు. ఆమె కాదనడం లేదు. నీళ్లొస్తున్నాయి, చాలు.

కాబట్టి అమ్మలారా, అక్కలారా! మీ ఇంట్లో తొట్టి కారుతోందా? తొట్టి బాగుచేయమని పొరపాటున కూడా అడక్కండి. తొట్టి బాగుచేయడం చిన్న పని. చిన్న పనులకు మా మగవాళ్ల చేతులు ఆడవు. పడవ కావాలని అడగండి. ఫ్యాన్ తిరగడం లేదా? విమానం కావాలని అడగండి. రెక్కలు బిగించేలోపు ఎక్కడో ఒకచోట మీ ఫ్యాన్ తిరక్కపోదు.

ఈ వ్యాసం రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. చాలా బాగుందంది. పొద్దున లేచేసరికి నా ఫోన్‌కి ఒక వీడియో పంపింది, ఇంట్లోనే ఇనప బీరువా తయారుచేసుకునే విధానం. అందులో తాళాలు, గడియలు ఎలా బిగించాలో ఒకాయన చక్కగా చూపిస్తున్నాడు. మాకు బీరువా ఉంది కదా, ఇదెందుకు పంపిందో అర్థం కాలేదు. అడుగుదామంటే ఆమె బాత్రూంలో దగ్గుతోంది.