స్టీలు చెంబూ, అయిదుగురు అమ్మాయిలూ

బాస్కెట్‌బాల్‌లో బంతిని పక్కవాళ్లకు ఇవ్వడం శుద్ధ దండగ. అయిదుగురు ఆడపిల్లలు కలిసి ఆడితేనే జట్టు గెలుస్తుందనేది పాతకాలపు భ్రమ. దాన్ని పోగొట్టిన మా గని కార్మికుల లైను ఇళ్ల క్రీడా కమిటీకి నా నమస్కారాలు!

గనులు సర్కారు చేతికి వచ్చాక మాకు ఉత్పత్తి మీద భక్తి పెరిగింది. షాఫ్టులోంచి పైకి వచ్చిన రాయికే విలువ. కమిటీ అధ్యక్షులు జయరాం గారు ఆ పద్ధతినే ఆటకూ తెచ్చారు. మ్యాచ్‌లో ఎక్కువ బుట్టలు వేసిన అమ్మాయికి స్టీలు చెంబు. కోలారు టోర్నమెంటుకు ఎంపిక కూడా స్కోర్ షీటు చూసే. ఎంత సులువు! ఇక ఆట చూడనవసరం లేదు.

అంతకుముందు ఎంత గందరగోళమో చెబుతాను. గనిలో పైకప్పు కూలకుండా కొయ్యలు నిలబెట్టే హనుమప్పకు గంగులమ్మ అని కూతురు. బంతి పట్టుకుని బుట్ట వైపు రెండడుగులు వేసేది. అవతలి జట్టులో ఇద్దరు తన మీదికి వచ్చేదాకా ఆగి, తన జట్టులోనే ఖాళీగా ఉన్న చిన్నక్క అనే పిల్లకు బంతి ఇచ్చేది. ఇచ్చి ఊరుకునేదా? చిన్నక్కను తరుముతున్న పిల్లకు అడ్డంగా స్తంభంలా నిలబడేది. చిన్నక్క తీరిగ్గా బుట్ట వేసేది. ఇందులో ఎవరి గొప్ప ఎంతో తేలక చూసేవాళ్లకు ఒకటే తలనొప్పి!

చెంబు వచ్చాక ఆ బాధ తీరింది. బంతి ఎవరికి దొరికితే వాళ్లే యజమాని. మిగిలిన నలుగురికీ విశ్రాంతి. ఆట మధ్యలో ఒకమ్మాయి జడ కూడా అల్లుకుంది. అవతలి జట్టుకూ సుఖమే, అయిదుగురూ కలిసి ఒక్కరినే చుట్టుముడితే చాలు. ప్రత్యర్థుల మీద ఇంత దయ ఇంకెవరు చూపిస్తారు?

గంగులమ్మ పేరు ఎదుట షీటు తెల్లగా ఉంది. అందుకని పేరు కొట్టేశారు. మూడేళ్లుగా ఆ పిల్ల ఎదురుచూసింది ఆ టోర్నమెంటు కోసమే. హనుమప్ప షిఫ్టు దిగి, తల మీది టోపీ తీయకుండానే కమిటీ గదికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

“రాయి కొట్టేది ఒకడు సార్, కొయ్య నిలబెట్టేది ఇంగొకడు. నేను ఒక్క రాయీ పైకి తేలేదు. అయితే లోపల నేను పనే చెయ్యలేదా?”

“షీటులో యాడుండాదో చూపించప్పా,” అన్నారు జయరాం గారు. ఎంత మర్యాద! పేరు కొట్టేస్తూ కూడా అప్పా అన్నారు.

పైగా గంగులమ్మను ఊరికే వదల్లేదు. చేతిరాత బాగుంటుందని స్కోర్ రాసే పని ఇచ్చారు.

నేను వాదించలేదు. ఇరవై ఆరేళ్లు నా చేతికందేలా కాఫీ పెట్టిన నా భార్య పేరు ఏ షీటులోనూ లేదు. ఆ సంగతి ఆమె పోయాక గాని గుర్తుకురాని వాణ్ణి, నేనేం వాదిస్తాను?

కోలారులో తమక అనే ఊరి జట్టుతో ఆడిన మొదటి మ్యాచే మాకు చివరిదయింది. వాళ్లకు నలభై ఆరు, మాకు పదకొండు. అందులో ఎనిమిది చిన్నక్కవి. ఓడినా చెంబు ఆగదు, పద్ధతి పద్ధతే!

చిన్నక్క చెంబు అందుకుంది. జయరాం గారి చప్పట్లు ముగియకముందే మైదానం దాటి స్కోర్ బల్ల దగ్గరికి వెళ్లి, దాన్ని గంగులమ్మ ఒళ్లో పెట్టింది.

“పట్టుకో గంగూ. నువ్వు లేక నాకు ఒక్కసారీ దోవ దొరకలేదు.”

ఆ రోజు మా జట్టు ఇచ్చిన పాస్ అదొక్కటే. షీటులో దానికి గడి లేదు.